డాబా మీది ఇంజను

1971లో గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో ఆ ఒక్క వీధిలోనే అద్దెలు అంత తక్కువ. ఎందుకో మేమెవరం అడగలేదు. సైన్యం పాలనలో అడిగే అలవాటు పోయింది. అక్కడ ఒక నేలమాళిగలో, ముసలి యోర్దానిస్ నడిపే రికార్డింగ్ గదిలో, మా బృందం రికార్డు ‘ఉప్పు తోట’ తయారైంది. నేను డ్రమ్స్, లెయాండ్రోస్ ఆర్గన్.

పాటల్లో సగం మాటలు సెన్సారు వాళ్ళు కొట్టేశారు. మాటలు పోయిన చోటల్లా లెయాండ్రోస్ ఆర్గన్‌తో నింపాడు. జూలై ఎండలకు ఉడికిపోయి, నేల మట్టానికి ఉన్న చిన్న కిటికీలు బార్లా తెరిచి వాయించేవాళ్ళం. రెండో రోజు, ఊరంతా కునుకు తీసే వేళ, టేపులో మోటారు సైకిల్ చప్పుడు పడింది. వెనక భవనం డాబా మీద బండి. కదలదు, ఇంజను మాత్రం అరగంటసేపు రొద పెడుతూనే ఉంది.

డాబా మీద బండి ఎవడు నడుపుతాడని నేను నవ్వాను. యోర్దానిస్ నవ్వలేదు. టేపు ఆపి కిటికీలు మూయమన్నాడు.

“ఉండనీ బాబాయ్, నా శ్రుతికి భలే కలిసింది,” అన్నాడు లెయాండ్రోస్.

“అది పాటలోకి వద్దురా. నా మాట విను.”

“ఎందుకొద్దో చెప్పు మరి.”

ఆయన సిగరెట్ ముట్టించి టేపు మళ్ళీ తిప్పాడు.

ఇంజను రొద అలాగే ఉంచేసిన ఆ పదమూడు నిమిషాల పాటే మాకు పేరు తెచ్చింది. ఆ రొద ఏ వాయిద్యమని జర్మనీ నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి. మూడేళ్ళకు సైన్యం పాలన కూలింది. వెనక భవనంలో ఖైదీలను కొట్టేటప్పుడు అరుపులు బయటికి వినపడకుండా బండి ఇంజను నడిపేవారని పత్రికల్లో వచ్చింది. లెయాండ్రోస్ అది చదివి తన దీవికి వెళ్ళిపోయాడు. చనిపోయేదాకా ఆర్గన్ ముట్టలేదు.

2006లో రికార్డు మళ్ళీ విడుదలవుతోందని తెలిసి ఆర్గిరో అనే రిటైర్డ్ లెక్కల టీచర్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. 1971 వేసవంతా ఆమె ఆ వెనక భవనంలో ఖైదీ. కాఫీ ముందు పెట్టి, ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట చెప్పాను: మీ అరుపులు మాకు నిజంగా వినపడలేదు.

“మీ పాట మాకు వినపడేదండీ,” అంది. “మొదట్లో సంతోషించేవాళ్ళం.”

తర్వాత ఏమైందని అడిగాను.

“మీరు గట్టిగా వాయించే రోజున వాళ్ళు బండి స్టార్ట్ చేసేవాళ్ళు కాదు. అవసరం ఉండేది కాదు.”

మర్నాడే రికార్డు కంపెనీకి ఫోన్ చేసి విడుదల ఆపమన్నాను. అప్పటికే దుకాణాల్లోకి వెళ్ళిపోయిందన్నారు.

ఎవరైనా సంతకం కోసం రికార్డు తెస్తే, ముందు ఆర్గిరో మాట చెబుతాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. ఎక్కువమంది, ఆ పాట పేరు పక్కనే సంతకం పెట్టమంటారు.