అట్లకాడపై రెండవ గాటు

నీలజలధరపటలసమాచ్ఛాదితమై గగనమండలము గర్జింపక మెఱయక లోలోన నేదియో దాఁచికొనిన మౌనిచందమునఁ దెనాలిపురముపై వ్రేలాడుచున్న యొకానొక యాషాఢశుక్రవారప్రాతఃకాలమున నాచారపరాయణయు నిశితవాక్చతురయు నగు రత్నమాంబ పెనముమీఁది మినపట్టును దిరుగవేయఁబోఁగా నది నడిమికిఁ జినిఁగెను. అట్లకాడ యంచున నల్లని గాటొకటి కానవచ్చెను.

"కోడలా, మీ పుట్టింట నట్లకాడతోఁ గట్టెలు గొట్టుదురు కాఁబోలు" అని యామె పలికెను.

కోడలు హైమవతి యా గాటును వ్రేలితోఁ దడవి చూచి "తోమిన నినుము అరుగును గాని కరఁగదు అత్తయ్యా. ఇది కరఁగినది" అనియెను. నీ తోముడు రాతినైనను గరఁగించునని సణుగుచు రత్నమాంబ మడిస్నానమునకుఁ బోయెను.

హైమవతి భర్తయు భౌతికశాస్త్రోపాధ్యాయుఁడును నగు త్రివిక్రమరావు మఱునాఁటి నాటకమున వర్షదృశ్యమునకు మెఱుపులు గల్పించెదనని నాటకసమాజమువారికి మాట యిచ్చి క్షణక్షణము వెలిఁగి యాఱు దీపమును స్వహస్తములతో నిర్మించుచుండెను. విద్యుత్తును గూడఁబెట్టి యొక్కుమ్మడి విడుచు కెపాసిటర్లు రెండాతనియొద్ద నుండెను. బొటనవ్రేలంతటి చిన్నది వడివడిగా మెఱయించును గాని దాని కాంతి యల్పము. కాఫీలోటా యంతటి పెద్దది మెల్లగా నిండును గాని కన్నులు చెదరఁ గొట్టును. ప్రేక్షకుల విభ్రాంతిని గోరి యాతఁడు పెద్దదానినే బిగించి సూర్యోదయమునఁ బరీక్షించి ప్లగ్గు పెఱికి నాటకశాలకుఁ బోయియుండెను. ప్లగ్గు పెఱికిన యంత్రము నిద్రించునని యింటివారి నమ్మకము.

దేవునిపీఠము చెంతనున్న యాతని బల్లకడ నిలిచి హైమవతి యా కెపాసిటరు తలపై విద్యుత్తు వెడలుటకై యున్న రెండు మేకుల కొసలును నల్లగాఁ గమలియుండుటఁ గనిపెట్టెను. గాటు వానికి సరిపడునేమో యని యట్లకాడయంచును రెంటిపైని నానించెను.

ఫెళ్లుమని గది యంతయుఁ దెల్లనయ్యెను. అట్లకాడ చేతినుండి యెగసిపడెను. దానియంచున మొదటి గాటు ప్రక్క రెండవది పొగలుగ్రక్కుచుండెను.

చూపు తేఱిన పిదప హైమవతి కన్నదేమనఁగా, నీరోడు మడిచీరతో రత్నమాంబ తన ప్రక్కనే నిలిచియుండెను. ఆమె చేత తడిగుడ్డ యుండెను. పూజకు ముందు దినదినము నా బల్లను దుడుచుట యామె నియమము. చాఁచిన చేయి మేకులకు జేనెడు దూరమున నట్లే నిలిచిపోయెను. చీరకుచ్చెళ్లనుండి నీరు బొట్లుబొట్లుగ నేలపైఁ బడుచుండెను.

మధ్యాహ్నభోజనవేళఁ ద్రివిక్రమరావు విస్తరిలోని యన్నము కలుపనేరక యుండెను. నిన్నటి పరీక్ష పిదప నా యట్లకాడతోనే మిగిలిన విద్యుత్తును వెడలించితిననియు నేఁడు తొందరలో మఱచితిననియు నొప్పుకొనెను.

"పెద్దదానిని విప్పివేసితినమ్మా. చిన్నదానినే వాడెదను. ప్లగ్గు పెఱికిన వెంటనే మిగిలిన విద్యుత్తు తనంతట నుడిగిపోవు నేర్పాటును జేసెదను. మెఱుపు మందమైనచో జనులు నవ్వుదురు గాక."

"మెఱుపునకు వడి చాలును" అని హైమవతి పప్పు వడ్డించెను. తరువాత, క్రొత్త అట్లకాడ తెప్పింపవలయు ననెను.

రత్నమాంబ చాలసేపు కోడలి కుడిచేతిని జూచుచుండెను.

"వలదు. దీనితోనే వేయుదము" అనియెను.

నాఁటినుండి యా యింట నట్లు రెండుచోట్లఁ జినుఁగుచుండెను. ఎవ్వరును మాఱుమాటాడక తినుచుండిరి.