కారు కాపలా

రాఘవేంద్ర కారు కొన్నది ధర్మవరంలో దిగడానికి. ఊరికే దిగడానికి కాదు, బావ రంగప్ప చూస్తుండగా దిగడానికి. హిందూపురంలో పాత కార్లమ్మే ఆసామి దగ్గర, ఎవరో వాడి వదిలేసిన తెల్ల కారును ఉన్నదంతా ఊడ్చిపెట్టి తెచ్చుకున్నాడు. దానికి తాళంచెవి ఒక్కటే. రెండోది వెతికి ఇస్తానన్న ఆసామి ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. "ఇంకోటి చేపిచ్చుకోయ్యా" అని భార్య శ్రీదేవి రోజూ పోరింది. పెళ్లయ్యాక చూద్దాంలే అన్నాడు మహానుభావుడు.

పెళ్లి అతని అక్క మహేశ్వరి, బావ రంగప్పల కూతురు యామినిది. ఆ పిల్లకు మేనమామ అంటూ ఉన్నది రాఘవేంద్ర ఒక్కడే. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెడితే, ఆ గంప పట్టి మంటపానికి తేవలసింది మేనమామ. ఏళ్ల తరబడి ఆ గడప తొక్కని మనిషికి యామిని తనే ఫోన్ చేసి, "నువ్వు రాకుంటే నేను గంపలో కూసోను మామా" అంది. ఆ మాటకు అంత మొండివాడూ కరిగిపోయాడు.

గడప తొక్కకపోవడానికి కారణం చెబితే నవ్వుతారు. రంగప్ప కొత్తిల్లు కట్టుకున్నప్పుడు రాఘవేంద్ర బస్సు దిగి, చెమటలు కారుతూ, ఆలస్యంగా వచ్చాడు. "ఈయప్పకు ముందు అన్నం పెట్టండబ్బా, మళ్ల బస్సు పోతాది" అన్నాడు రంగప్ప పందిట్లో. నలుగురూ నవ్వారు. అన్నవాడు ఆ పూటే మరిచిపోయి ఉంటాడు. విన్నవాడు మాత్రం ఆ మాటను ఇన్నేళ్లూ అన్నం పెట్టి పెంచాడు.

పెళ్లినాటి ఉదయం హిందూపురం నుంచి వస్తూ దారిలో పెనుకొండలో ఒక గుడి ముందు ఆగారు. స్వామికి దండం పెట్టుకుని, పూజారిని పిలుచుకొచ్చి బండి ముందు టెంకాయ కొట్టిద్దామని. తాళంచెవికి ఆసామి తోలు సంచి ఒకటి తొడిగి ఇచ్చాడు. తోలు గుళ్లోకి తీసుకుపోకూడదు కదా. సంచి విప్పి చెవి జేబులో వేసుకుంటే సరిపోయేది. ముహూర్తం తొందరలో రాఘవేంద్ర దాన్ని సంచీతో సహా కొత్త చెప్పులో దూర్చి, రెండో చెప్పు పైన బోర్లించి లోపలికి పోయాడు. తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు.

గుడి ముందు పూలమ్మే కొండమ్మ సంబరపడింది. గుడి దగ్గర చెప్పులు పోతే పట్టిన శని వదిలినట్టేనని ఆమె నమ్మకం. "పోతే పోనీలేప్పా, మంచిదే" అంది. చెప్పులో ఏముందో విన్నాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రాఘవేంద్ర గుడి చుట్టూ తిరిగాడు, బండ్ల కింద వంగి చూశాడు, కనిపించిన కాళ్లనల్లా దొంగ కాళ్లలాగే చూశాడు. ఆసామికి ఫోన్ చేస్తే, తాళాలు చేసే సాల్మన్ నంబరిచ్చి చేతులు దులుపుకున్నాడు.

"నేను అమరాపురంలో పని మీద ఉండానన్నా" అన్నాడు సాల్మన్. "ఆడికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతాది. బండి ఇడిసిపెట్టి పోవద్దు. బీగంచెవి ఆ దొంగోని చేతిలో ఉండాది."

ఆ చివరి మాట రాఘవేంద్రకు కావలసిన మాట. దాన్ని పట్టుకుని కారుకు ఆనుకుని నిలబడిపోయాడు.

శ్రీదేవి కాసేపు ఓపిక పట్టింది. "నాలుగు టైర్లల్లో గాలి తీసెయ్యి. దొంగ నెత్తిన పెట్టుకోని పోతాడా? ధర్మవరం బస్సు వస్తాది, పోదాం పా."

"గాలి పట్టిచ్చుకోని తోలుకపోతే?"

"స్టేషన్లో చెప్పి పోదాం. ఆ పూలామెను సూస్తాండమందాం."

"నేను చూస్తాండాలే సామీ, పోయి రాండి" అంది కొండమ్మ.

"నీకేం తెలుసే, ఊరుకో" అని భార్యను కసిరాడు. ఆమెకు అంతా తెలుసు. అతనికీ తెలుసు, భయం దొంగ గురించి కాదని. వట్టి కాళ్లతో, నలిగిన పట్టుపంచెతో బస్సు దిగి మళ్లీ ఆ పందిట్లోకి నడిచి పోవడం అతనివల్ల కాదు. ఆ సంగతి పైకి అనడం అంతకన్నా కాదు.

ధర్మవరం బస్సు వచ్చింది. శ్రీదేవి ఎక్కి, మెట్టు మీద నిలబడి చెయ్యి చాపింది. "ఇంగ వస్తావా రావా?" అని కండక్టర్ విసుక్కున్నాడు. రాఘవేంద్ర కారు తలుపు పిడి పట్టుకునే ఉన్నాడు. బస్సు కదిలిపోయింది.

ఎండ ముదిరింది. అరికాళ్లు కాలుతుంటే కారు నీడలోకి జరిగాడు, నీడ జరిగితే తనూ జరిగాడు. అద్దంలోంచి వెనక సీటు మీద యామినికి తెచ్చిన పట్టుచీర పెట్టె కనిపిస్తోంది. అందదు. లోపలికి పోలేడు, బయటికీ పోలేడు. తలుపు తీసి ఉన్న జైలు ఇది, కాపలావాడూ తనే.

యామిని ఫోన్ చేసింది. వెనక మేళం వినిపిస్తోంది.

"యాడున్నావు మామా?"

"వస్తాండా తల్లీ. దావలోనే ఉండా."

"అత్త చెప్పిందిలే. బస్సుకు రా మామా. నేను గంప కాడనే ఉంటా."

"వస్తాండా" అన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు బస్సులు పోయాయి. ఒకదానికి చెయ్యి సగం దాకా ఎత్తి దించేశాడు. ఎంత సిగ్గుమాలిన మనిషినో అని తనను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే నిలబడ్డాడు.

శ్రీదేవి వీడియో కాల్ చేసింది. పసుపు రాసిన గంప, అందులో యామిని. పురోహితుడు తొందరపెడుతున్నాడు. రంగప్ప తమ్ముడు ఒక పక్క పట్టుకున్నాడు, రెండో పక్క పట్టడానికి ఇంకెవరో ముందుకొచ్చారు. మహేశ్వరి అడ్డం నిలబడింది. "అది మా తమ్ముని జాగా. ఎవురూ పట్టొద్దండి" అంది. అన్నాక ఏం చెయ్యాలో ఆమెకూ తెలియలేదు. యామినే గంపలోంచి లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని మంటపానికి నడిచి పోయింది. పిల్ల ఒక్కసారి కూడా ఫోన్ వైపు చూడలేదు.

రంగప్ప ఫోన్ తీసుకున్నాడు. బావ జుట్టు మొత్తం నెరిసిపోయి ఉంది.

"ఏమబ్బా రాఘవా," అన్నాడు, "మేం కారును పిలిస్తిమా? నిన్ను పిలిస్తిమి."

అవతల మేళాలు జోరందుకోగానే రంగప్ప ఫోన్ పెట్టేశాడు.

సాల్మన్ వచ్చి, తలుపు తీసి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కొత్త తాళంచెవి చేశాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. "మంచి బండన్నా" అన్నాడు సంతోషంగా. "ఇంగ యాడికి?"

రాఘవేంద్ర స్టీరింగ్ ముందు కూర్చుని రెండు వైపులా చూశాడు. ఒక పక్క హిందూపురం, ఒక పక్క ధర్మవరం, దారి రెండు పక్కలా ఖాళీగానే ఉంది. ఏ పక్కకూ తిప్పలేక ఇంజన్ ఆపేశాడు.