మోచేతి మచ్చ

నా నోరు మంచిది కాదని ముందే చెప్పేస్తున్నాను. షెడ్డులో అందరూ ఎదురుగా నన్ను మెరుపు మేస్త్రీ అంటారు, వెనకాల కారం డబ్బా అంటారు. రెండూ నిజమే. పాత కార్లకి మెరుపు తెప్పించడం నా పని. రంగు వెయ్యడం మా బావ పని. బావంటే మా చెల్లెలి మొగుడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. వాడూ నన్ను బావా అనే పిలుస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ఒకే కప్పు కింద పని చేస్తున్నాం, ఒకే క్యారియర్లో తింటున్నాం. వాడి మీద ఉన్నంత నమ్మకం నాకు నా ఎడమచేతి మీద కూడా లేదు.

ఆ కారు నర్సమ్మది. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చాకిరీ చేసి రిటైరైన మనిషి, అందరూ అలాగే పిలుస్తారు. లేత నీలం కారు, గుండ్రటి దీపాలు, బారెడు బంపర్లు. ఎండకి రంగు వెలిసి సుద్దముక్కలా అయిపోయింది. వేలితో రాస్తే నీలం పొడి అంటుకుంది. బంపర్ల మీద క్రోమ్ పొక్కులు లేచి తుప్పు పట్టింది.

"మొత్తం మెరిపించు నాయనా. ఇదొక్కటి మాత్రం ముట్టుకోకు," అందావిడ, డ్రైవర్ వైపు తలుపు మీద అరచెయ్యి పెట్టి.

కిటికీ అంచు కింద అరచేతంత మచ్చ. రంగు అరిగిపోయి లోపలి ఇటుకరంగు ప్రైమర్ పూత కనిపిస్తోంది. చనిపోయిన వాళ్ళాయన మోచెయ్యి ఆనించిన చోటు. ఆవిడ డ్యూటీ దిగేదాకా ఆయన ఆసుపత్రి గేటు ముందు కారు ఆపి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కూర్చునేవాడట. విసుగొస్తే ఉంగరంతో తలుపు మీద టకటకా కొట్టేవాడట. మచ్చ కింద ఆ గీతలు కూడా ఉన్నాయి, సన్నగా, ఒకేవైపు వాలి.

"ఆయన ఫోటోలు బోలెడున్నాయి. వాటిల్లో నాకోసం ఎదురుచూస్తున్నట్టుండడు. ఇక్కడ చెయ్యి పెడితే ఉంటాడు. మాటియ్యి."

ఇచ్చాను. చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాను. బావ పక్కనే నిలబడి విన్నాడు, తలూపాడు కూడా.

పన్నెండు రోజులు ఆ కారుతోనే బతికాను. పాత రంగుని మెరిపించడమంటే దాన్ని పిసరు పిసరుగా అరగదీయడమే. ఎక్కువ రుద్దితే రంగే మిగలదు, తక్కువ రుద్దితే సుద్ద పోదు. అందుకని మెషిన్ పెట్టలేదు. పాత బనియన్ గుడ్డకి రబ్బింగ్ కాంపౌండ్ రాసి, జానెడు జానెడు చొప్పున చేత్తోనే రుద్దాను. మచ్చ మీద చెయ్యి పడకుండా చుట్టూ కాగితం అంటించాను. చివరికి బానెట్లో నా మొహం కనిపించింది. ఆ మొహం అంత బాగోకపోవడం కారు తప్పు కాదు.

ఇక బంపర్లు మిగిలాయి. క్రోమ్ పూత వేసేవాడు పక్క ఊళ్ళో ఉంటాడు. వాడికి వదిలేస్తే లోపలి తుప్పు తీయకుండానే పూత పోసేస్తాడు. అందుకే బంపర్లు పట్టుకుని నేనే వెళ్ళి, రెండు రోజులు వాడి నెత్తిన కూర్చుని చేయించాను. నమ్మకూడనివాడి దగ్గర కాపలా కాశాను. నమ్మినవాడి దగ్గర కారు వదిలేశాను.

మూడోరోజు పొద్దున్నే తిరిగొచ్చి, బంపర్లు దించి, కారు చుట్టూ ఒకసారి తిరిగాను. డ్రైవర్ వైపు వచ్చి ఆగిపోయాను. మచ్చ లేదు. తలుపు తలుపంతా కొత్తగా, నున్నగా, నీలంగా ఉంది.

"ఎలా ఉంది బావా?" బావ మొహం వెలిగిపోతోంది. "ఎక్కడైనా తేడా ఉందేమో కనిపెట్టు చూద్దాం!"

తేడా లేదు. రంగు కలపడంలో వాడికి తిరుగులేదు. అందుకే నా కడుపు ఇంకా మండింది.

"ఏం చేశావురా!"

"ఆవిడ దీన్ని ఆదివారం పాత కార్ల ప్రదర్శనకి పట్టుకెళ్తుందట. ఎంతమంది చూస్తారు! ఆ గజ్జి మచ్చ చూసి ఏ షెడ్డులో చేయించారని అడిగితే తలెక్కడ పెట్టుకుంటాం? ముసలావిడ చాదస్తం బావా. చూశాక తనే సంబరపడుతుంది."

"మాటిచ్చాంరా!"

"నువ్విచ్చావు," అన్నాడు.

ఆ తరవాత నేనన్నవి ఇక్కడ రాసేవి కావు. నమ్మించి గొంతు కోశావన్నాను. ద్రోహి అన్నాను. వీడికి పిల్లనిచ్చినందుకు మా ఇంటిని కూడా కలిపి తిట్టాను. ఆ గోలలోనే చెల్లెలు క్యారియర్ తీసుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాను.

క్యారియర్ పిడి అటూ ఇటూ తిప్పింది. "ఆయన చెప్పొద్దన్నారన్నయ్యా. నువ్వొచ్చి చూసి మెచ్చుకుంటావని..."

రెండు రోజులూ నా ఫోను జేబులోనే ఉంది. ఒక్క మాట చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. బావ చేసినదానికి కోపమొచ్చింది. చెల్లెలు చేసినదానికి ఏడుపొచ్చింది.

నర్సమ్మ సాయంత్రం ఐదింటికి వస్తానంది. ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి, కాళ్ళ మీద పడాలి అనుకున్నాను. అలా అనుకుంటూనే బంపర్లు బిగించాను. లేచి చూద్దును కదా, బావ వాటర్ పేపర్, అదే నీళ్ళతో రుద్దే గరుకు కాగితం, పట్టుకుని తలుపు ముందు చతికిలబడ్డాడు.

"మచ్చేగా బావా. దానికింత రాద్ధాంతమా? మళ్ళీ పెట్టేస్తా," అంటూ రుద్దుతున్నాడు. డబ్బా మూత పెట్టి గీసినట్టు గుండ్రంగా వస్తోంది. ఇటుకరంగు రావలసిన చోట వాడు వేసిన బూడిదరంగు ప్రైమర్ బయటపడుతోంది.

చూస్తూ ఊరుకోవలసింది. ఆ వెధవపని ఆవిడ కంట పడనియ్యవలసింది. కానీ నా రోగం నాది, చెత్తపని చూస్తే నా చేతులు ఆగవు.

"అలా కాదురా దద్దమ్మా! మోచెయ్యి ఎక్కడైనా గుండ్రంగా అరగదీస్తుందా? లే!"

లాక్కున్నాను. ఇటుకరంగు ప్రైమర్ పల్చగా అద్దాను. ఆరాక, దాని మీద స్ప్రే గన్నుతో నీలం పొగలా కొట్టమన్నాను. వాడు కొట్టాడు. అదీ ఆరాక మళ్ళీ రుద్దాను. అసలు మచ్చ ముందువైపు పదునుగా, వెనకవైపు చెదిరినట్టు ఉండేది. పన్నెండు రోజులు దాని పక్కనే కూర్చున్నవాణ్ణి, నాకు తెలియదా! చొక్కా చెయ్యి కిందికి లాగి, నా మోచేత్తోనే రుద్ది రుద్ది కొత్తదనం చంపేశాను. చివరగా నా ఉంగరంతో కొట్టాను, టకటకా, గీతలు ఒకేవైపు వాలేటట్టు.

"అమ్మో, అచ్చం అదే!" అన్నాడు బావ.

నా జన్మలో అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ ఒక్క నిమిషం గర్వపడ్డాను.

ఐదింటికి నర్సమ్మ వచ్చింది. బంపర్లు చూడలేదు, బానెట్ చూడలేదు. తిన్నగా తలుపు దగ్గరికెళ్ళి మచ్చ మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. తెలిసిపోతే బాగుండుననుకున్నాను. తెలియకపోతే బాగుండుననీ అనుకున్నాను.

"భయపడుతూ వచ్చాను నాయనా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పనివాళ్ళకి ఇలాంటివి పిచ్చిగా అనిపిస్తాయి. దీన్ని ముట్టుకోలేదు కదా?"

బావ నేలచూపులు చూశాడు. ఆవిడ చూస్తున్నది నా మొహంలోకే.

"లేదమ్మా," అన్నాను.

ఆవిడ నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఉంగరమున్న చెయ్యి. ఉంగరం సందులో నీలం పొడి ఇంకా ఉంది. "ఈ రోజుల్లో మాట మీద నిలబడేవాళ్ళు ఎవరున్నారు నాయనా," అంది.

కారు గేటు దాటింది. కిటికీలోంచి ఆవిడ చెయ్యి బయటికొచ్చి, అందీ అందక మచ్చ మీద ఆనింది. వెనక బంపర్ ఎండలో ఒక్కసారి తళుక్కుమంది. కారు మలుపు తిరిగిపోయింది.

చెల్లెలు పొద్దున ఎవరూ ముట్టని క్యారియర్ని మళ్ళీ సర్దుతోంది. బావ స్ప్రే గన్ను కడుగుతూ తలెత్తి నాకేసి చూశాడు.

"ఏంటి బావా, ఇంక తిట్టవేం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తిడదామనే నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు.