ఊడని వెల్డింగు

అతను అతికించిందేదీ ఊడదు. అందుకే అందరూ అతన్ని బంక అనేవారు. మొదట వెక్కిరింపుకే అన్నారు. అతనేమో దాన్ని బిరుదనుకుని మురిసిపోయేసరికి, వెక్కిరించేవాళ్లకి ఉత్సాహం చచ్చిపోయింది.

ఆ వేళ షెడ్డులో జాకీల మీద ఉన్న లారీ అతని వదినది. అన్నకి నడుము పట్టేసి స్టీరింగు వదిలేస్తే ఆవిడ పట్టుకుంది. కొండ మీది రాళ్ల క్వారీకి మంచినీళ్లు మోసే పని ఆమెకి కావాలి. ఆ దారి ఎంత నిటారంటే, వెనక చక్రాలు మాత్రమే లాగే బండి సగం ఎక్కి, మనసు మార్చుకుని వెనక్కొచ్చేస్తుంది. సాయంత్రంలోగా నిండు ట్యాంకుతో ఎక్కి చూపిస్తే పని ఆమెదే, లేదంటే ఇంకొకరిని చూసుకుంటామని మేనేజరు తేల్చి చెప్పాడు.

అందుకని ముందు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఒకటి పాత సామాన్ల కొట్లోంచి వచ్చింది. తీరా చూస్తే దాని బోల్టు కన్నాలు లారీ గేరుబాక్సు కన్నాలతో కలవలేదు. మధ్యలో అడాప్టర్ పెడితే తప్ప రెండూ ఒకటి కావు. ఆ పని బంక అక్క మొగుడిది. ఆయన గేరుబాక్సుల మేస్త్రీ.

"వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మధ్యలో నాలాంటి పెద్దమనిషి నిలబడాలి," అన్నాడు బావ, అడాప్టర్ బిగిస్తూ.

"మా అమ్మా అక్కా పోట్లాడుకునేటప్పుడు మధ్యలో నిలబడి చూడు బావా. నీక్కూడా ఇన్ని కన్నాలు పడతాయి."

ఇక ఆ మొత్తం బరువు మోయడానికి ఛాసిస్‌కి అడ్డంగా ఒక ఇనప దూలం వెయ్యాలి. అది బంక వంతు. దాన్ని బోల్టులతో బిగించమన్నాడు బావ. వదినదీ అదే మాట. బోల్టు అంటేనే బంకకి ఒళ్లు మంట.

"బోల్టంటే ఏంటి బావా? రేపు ఊడదీస్తామని ఇవాళే ఒప్పేసుకోవడం!"

వాళ్లిద్దరూ టీ తాగి వచ్చేసరికి దూలం రెండు చివర్లూ వెల్డు చేసేసి, నల్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని, నవ్వుతూ కూర్చున్నాడు.

బావ ఆయిలు డబ్బా పట్టుకుని లారీ కిందకి దూరాడు. పాదాలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. ఆ పాదాలకి కోపం వచ్చినట్టుంది.

"ఒరే బంకా, ఈ ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిలు పోసే మూత ఏదిరా?"

"అక్కడే ఉండాలే!"

"ఉంది. నీ దూలం వెనకాల నక్కి కూర్చుంది. వేలు దూరుతోంది, స్పానర్ దూరట్లేదు."

బంకా దూరి చూశాడు. నిజమే.

"గాలి గొట్టంలోంచి సిరంజీతో పోద్దాం బావా."

"పోద్దాం. నిండిందో లేదో ఎలా తెలుస్తుంది? కడుపు తట్టి చూద్దామా?"

"పోనీ, సన్న స్పానర్ చేసిస్తా."

"దాంతోపాటు నాకో సన్న చెయ్యి కూడా చేసియ్యి."

వదిన వంగి లోపలికి చూసింది. "అయితే ఆయిలు మార్చినప్పుడల్లా నువ్వు రావాలన్నమాట మరిదీ. ఈ బండి బతికున్నన్నాళ్లూ నువ్వు చావడానికి వీల్లేదు. మీ ఆవిడకి కబురు పెట్టనా?"

"వదినా, నా వెల్డింగుని ఇంతవరకూ ఎవరూ కొయ్యలేదు."

"అయితే నువ్వే బోణీ చెయ్యి. నీ పరువు రేపు కూడా ఉంటుంది. క్వారీ పని ఉండదు."

ఆవిడ మొహంలో నవ్వు లేదు. తాళంచెవిని పిడికిట్లో నలిపేస్తోంది. బంక గేరుబాక్సు కింద జాకీ పెట్టి, గ్రైండరు అందుకున్నాడు.

వెల్డింగు లొంగితేనా! ఒక డిస్కు అరిగిపోయింది, ఇంకోటి పగిలింది. "చూశావా బావా, ఎలా పట్టిందో!" అని పొంగిపోయాడు. మరుక్షణం, "ఏ వెధవ అతికించాడ్రా దీన్ని!" అని పళ్లు కొరికాడు.

"గెలిచేదీ నువ్వే, ఓడేదీ నువ్వే. మధ్యలో మా ప్రాణాలు తియ్యకు, కొయ్యి," అన్నాడు బావ.

ఎట్టకేలకు దూలం ఊడింది. మూత ఎదురుగా దాన్ని అర్ధచంద్రంలా కోసి, బలానికి ఒక పట్టీ వేసి, చివర్లకి ప్లేట్లు పెట్టాడు. అప్పుడు, పరాయి పిల్లాడి ముక్కు తుడుస్తున్నట్టు మొహం పక్కకి తిప్పుకుని, బోల్టులు బిగించాడు. బావ తాపీగా మూత విప్పి ఆయిలు పోశాడు.

ఎండ వాలుతుండగా నిండు ట్యాంకుతో లారీ కొండెక్కడం మొదలుపెట్టింది. బండ్లన్నీ మనసు మార్చుకునే చోట ఇదీ ఒక్క క్షణం తటపటాయించింది. వదిన పళ్ల బిగువున స్టీరింగు పట్టుకుని యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. ముందు చక్రాలు రాళ్లని కరుచుకున్నాయి, వెనకవి తోశాయి. పక్క సీట్లో బంక కళ్లు మూసుకుని బోల్టుల చప్పుడే వింటున్నాడు. ఒక్కటీ కిర్రుమనలేదు. అది అతనికి కాస్త అవమానంగా కూడా తోచింది.

పైన మేనేజరు వంగి లారీ కింద తొంగి చూశాడు. "దూలం గట్టిగా ఉందే! ఎవరు వేశారమ్మా?"

బంక ఛాతీ ఉబ్బింది.

"వేసినవాడి సంగతి వదిలెయ్యండి సార్. ఊడదీసినవాడు మా మరిది. అంత ఓపికున్న మనిషి దొరకడు."

మేనేజరుకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. రేపట్నుంచి రమ్మని చెప్పి వెళ్లిపోయాడు. వదిన అప్పుడు ఊపిరి వదిలి, ట్యాంకు కుళాయి తిప్పింది.

"ముందు నాకు నీళ్లు పొయ్యి వదినా. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది," అన్నాడు బంక.

"అలాగే ఉండనీ మరిదీ. దానికి మాత్రం వెల్డింగే మంచిది."