అలిగి వెళ్ళిన గడ్డి

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికన్నా ముందు వాకిట్లోకొచ్చేది మామగారు. నీటి సరఫరా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. గేటు దాకా నాలుగుసార్లు అటూ ఇటూ నడవనిదే ఆయనకి తెల్లవారినట్టు కాదు. ఆ నడకైనా గోడ పక్కనుంచి కాదు, పచ్చిక మీదుగా అడ్డంగా. తర్వాత కొడుకొచ్చి అదే పచ్చిక మీద స్కూటర్ తిప్పి, పొగ వదిలి, ఆఫీసుకి పోతాడు. ఆపైన అత్తగారు గిన్నెలు కడిగిన సబ్బునీళ్ళు బకెట్‌తో తెచ్చి అందులోనే కుమ్మరిస్తుంది. ఎన్నాళ్ళని పడుతుంది చెప్పండి, గడ్డికి మాత్రం మనసుండదా? ముందు అక్కడక్కడా బోడి మచ్చలు తేలాయి. ఒకరోజు చూస్తే మిగిలిన ఆ కాస్త గడ్డీ గోడ దాటి వెళ్ళిపోయింది.

అలిగి వెళ్ళింది. ఆ ఊళ్ళో అదేమంత వింత కాదు. నీళ్ళ ట్యాంకు వెనకున్న ఖాళీ స్థలం నిండా అలా అలిగొచ్చిన మొక్కలే. ఎవరింటి గులాబీ ఏ మూల కూర్చుందో వీధి వీధంతటికీ తెలుసు.

మామగారికి అసలు చిక్కు వేరే ఉంది. నెలాఖరు ఆదివారం సాయంత్రం పాత ఆఫీసు వాళ్ళని టీకి పిలిచారు. ఊరికే పిలిచారా, "మా తోటలో కూర్చుందాం" అని గొప్పలు పోయి మరీ పిలిచారు. కొత్త పచ్చిక పరిపిద్దామంటే నర్సరీవాడు చెప్పిన ధరకి ఆయన కళ్ళు బైర్లు కమ్మాయి.

"పైసా ఖర్చు లేని దారి ఒక్కటే. ఎవరైనా వెళ్ళి దాన్ని బతిమాలాలి," అన్నారు.

ముగ్గురూ ఒకేసారి కోడలి వంక చూశారు.

"నువ్వెళ్ళమ్మా. ఎవరితోనైనా సర్దుకుపోతావు," అంది అత్తగారు.

సర్దుకుపోవడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరన్నది నిజమే. టీ తక్కువైతే తన గ్లాసు మానేస్తుంది. చుట్టాలొస్తే మంచం వాళ్ళకిచ్చి తను చాప పరుచుకుంటుంది. పెళ్ళికి ముందు ఒక స్కూల్లో డ్రైవింగ్ నేర్పేది. క్లచ్ అంటేనే చెమటలు పట్టేవాళ్ళు కూడా ఆమె పక్కన కూర్చుంటే ధైర్యంగా బండి తిప్పేవాళ్ళు. ఆ స్కూలు మేడమ్ మళ్ళీ రమ్మని కబురు పెట్టింది, ఏ సంగతీ నెలాఖరులోగా చెప్పమంది. భర్తనడిగితే "చూద్దాంలే" అన్నాడు. ఇంకోసారి అడిగినా అదే మాట. ఆ పని కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. పైకి మాత్రం కిమ్మనలేదు.

ట్యాంకు వెనక వాళ్ళింటి గడ్డి మూతి ముడుచుకుని కూర్చునుంది. కోడలు దాని పక్కనే గొంతుక్కూర్చుంది.

"ఇంటికి రావూ?"

గడ్డి అటు తిరిగి కూర్చుంది.

"సబ్బునీళ్ళు పొయ్యనివ్వను."

ఒక తీగ అంగుళం ముందుకు జరిగింది.

"స్కూటర్ బయటే పెట్టిస్తాను. నడవడానికి ఇటుకలు పరిపిస్తాను. రాయిలా గట్టిపడ్డ ఆ మట్టి తవ్వించి, ఎరువు కలిపిస్తాను. సరేనా?"

తీగ వచ్చి ఆమె కాలి బొటనవేలిని చుట్టుకుంది.

ఇంటికెళ్ళి ఇవన్నీ ఎలా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది పాపం. తీరా చెప్పాక ఒక్కరంటే ఒక్కరు ఎదురు చెబితే ఒట్టు! మామగారు గునపం పట్టారు. పక్కింటి వాళ్ళ కూలిన గోడ ఇటుకలు అడిగి తెచ్చి గేటు దాకా బాట వేశారు. అత్తగారు పెరటి మూల ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకుల కుప్పని జల్లెడ పట్టి నల్లటి ఎరువు తీసింది. కొడుకు కలుపు పీకాడు, చేతులు బొబ్బలెక్కినా నోరెత్తకుండా. కోడలు గడ్డిని బుట్టలో తెచ్చి, తీగల్ని కణుపు కణుపుకీ తెంపి, జానెడు దూరంలో నాటి, మడమతో అదిమి, రెండు పూటలా నీళ్ళు చిలకరించింది. నెల తిరగబోయేసరికి మచ్చలు కలిసిపోయి వాకిలంతా పచ్చబడింది.

"ఇంకేమైనా కావాలందా అమ్మా?" అని అత్తగారు రోజూ అడిగేది, అదీ గొంతు తగ్గించి. మామగారైతే గడ్డి దగ్గర గట్టిగా దగ్గడం కూడా మానేశారు. మళ్ళీ పోతుందేమోనని అందరికీ ఒకటే భయం. ఇదంతా చూస్తూ కోడలు లోలోపలే అనుకుంది. వెళ్ళిపోతుందనుకున్న దానికి ఎంత మర్యాదో!

శనివారం సాయంత్రం భర్త బూట్లు చేత్తో పట్టుకుని, ఇటుకల మీద ఆచితూచి అడుగేస్తూ వచ్చాడు.

"అన్నట్టు, డ్రైవింగ్ స్కూలు మేడమ్ ఫోన్ చేసింది. నీకు కుదరదని చెప్పేశా. నువ్వేమీ అనుకోవుగా!"

'పర్వాలేదులెండి' అనాలి. అలవాటైన మాటే, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆ పూట బయటికి రానంది. ఆమెకి ఏడుపొచ్చింది, అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. విసురుగా లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున మామగారు తలుపు తీస్తే వాకిట్లో ఇటుకలూ మట్టీ తప్ప ఏమీ లేవు. వంటింట్లో పొయ్యి వెలగలేదు. కోడలు లేదు.

ముగ్గురూ పడుతూ లేస్తూ ట్యాంకు వెనక్కి పరిగెత్తారు. గడ్డి అక్కడే ఉంది. దాని నడిమధ్య, ట్యాంకు గోడకి ఆనుకుని కోడలు కూర్చునుంది.

"తల్లీ పచ్చికా, సాయంత్రం పెద్దవాళ్ళొస్తున్నారు, నలుగురిలో నా పరువు పోతుంది," అని మామగారు చేతులు జోడించారు. అత్తగారు చెంబెడు నీళ్ళు చిలకరించింది. కొడుకు స్కూటరే అమ్మేస్తానన్నాడు. గడ్డికి చీమ కుట్టినట్టయినా లేదు.

అత్తగారు గడ్డిని చూసింది, కోడల్ని చూసింది. ఆవిడకి వెలిగింది.

"దాన్ని కాదురా, పిల్లనడుగు!" అని కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది.

కొడుకు భార్య ముందు చతికిలబడ్డాడు. "ఏం కావాలి నీకు?"

"నన్నడక్కుండా నా ఉద్యోగం వద్దన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. ఇక్కడే, ఇప్పుడే."

అతను తల్లి వంక చూశాడు. ఆవిడ ట్యాంకు వంక చూసింది. ఇక లాభం లేదని ఫోన్ తీశాడు.

"మేడమ్, నిన్న నేను చెప్పింది తప్పండీ. మా ఆవిణ్ణి అడక్కుండా చెప్పాను. ఇదిగో, తనతోనే మాట్లాడండి."

"సోమవారం వస్తానండి. పొద్దుటి బ్యాచ్ నాకివ్వండి," అంది కోడలు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు అప్పటిదాకా.

గడ్డి లేచింది. కణుపు వెనక కణుపు కదుపుకుంటూ రోడ్డు వారగా ఇంటి దారి పట్టింది. మామగారు దానికి అడ్డు తగలకుండా వెనకాలే నడిచారు.

"నువ్వూ రా అమ్మా, ఎండెక్కుతోంది. ఇవాళ టీ నేను పెడతాలే," అంది అత్తగారు.

కోడలు లేవబోయి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో తనని ఒక్కరూ బతిమాలిన పాపాన పోలేదు. ఇది ఇంత బాగుంటుందని ఆమెకేం తెలుసు! హాయిగా కాళ్ళు చాపుకుంది.

"రావే, ఇంటికెళదాం," అన్నాడు భర్త.

"ఊఁ, ఇంకోసారి అడగండి," అంది.