తమ్ముడి చొక్కా మీద ముడత

వీధంతా ఆమెని ఇస్త్రీ అక్క అంటారు. మనిషికి ఎక్కడ నొప్పి ఉంటే వాళ్ళ బట్టకి అక్కడ ముడత పడుతుంది. ఎంత రుద్దినా పోదు, నొప్పితో పాటే రోజుకింత పలచబడుతుంది. లెక్కల మాస్టారి భార్య వస్తే, "ఆయన మోకాలు ఇంకా తగ్గలేదమ్మా" అని ప్యాంటు చేతికిస్తుంది. "నే చెబితే వింటారా" అని ఆవిడ పట్టుకుపోతుంది.

సోమవారం తమ్ముడి చొక్కాకి బొడ్డు దగ్గర ముడత కనిపించింది. తమ్ముడు బస్సు డ్రైవరు. అమ్మ పోయాక ఆమెకి మిగిలింది వాడొక్కడే.

"కడుపులో ఎలా ఉందిరా?"

"గ్యాసు అక్కా. ముడత కనిపిస్తే చాలు, ఊరంతా టాంటాం చేస్తావు."

వాడు అన్నం ముట్టలేదు. వాంతి కూడా చేసుకున్నాడు. సాయంత్రం విప్పిన చొక్కా చూస్తే ముడత బొడ్డు దగ్గర లేదు, కుడివైపు కిందికి జారి కూర్చుంది. ముడత చోటు మారడం ఆమె ఎన్నడూ ఎరగదు. వాడి ఒళ్ళు కాలుతోంది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ప్రాణం పోయినంత పనైందట.

"ఆసుపత్రికి పోదాం పద."

"రేపు చూద్దాంలే అక్కా."

అప్పుడామె చేసింది ఇస్త్రీవాళ్ళు మాత్రమే చేసే తప్పు. వేడికి లొంగనిది లేదని ఆమె నమ్మకం. బట్ట మీద పోని ముడత ఒంటి మీదైతే పోతుందనుకుంది. గుడ్డ మడిచి, ఇస్త్రీ పెట్టెకి ఆనించి, కడుపు మీద కాపడం పెట్టింది. వాడు పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వాడు లేచి కూర్చున్నాడు. "చేత్తో తీసేసినట్టు పోయిందక్కా. రెండో షిఫ్టుకి వెళ్తా."

చొక్కా చూసింది. ముడత జాడే లేదు. అమ్మయ్య అనుకోబోయి ఆగిపోయింది. ముడత ఇలా ఒక్కసారిగా మాయమవడం ఆమె ఇదివరకు చూసింది ఒక్కసారే, అమ్మ పోయిన పూట, అమ్మ చీర మీద. వాడి నుదురు ఇంకా కాలుతూనే ఉంది.

"చెప్పులేసుకో."

"తగ్గిందంటుంటే వినవేం?"

"తగ్గింది కాబట్టే. నడు."

కొట్టు తలుపు కూడా వెయ్యలేదు.

డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి వేసింది. బల్లలా బిగుసుకుపోయి ఉంది. "నొప్పి కుడివైపుకి దిగిన రోజే రావాల్సిందమ్మా. కాపడం పెట్టారా?"

"పెట్టానమ్మా."

"పెట్టకూడదు. అపెండిక్స్ పగిలింది. పగిలాక కాసేపు హాయిగానే ఉంటుంది. ఆ హాయిని నమ్మి ఇంట్లో ఉండిపోతే చీము కడుపంతా పాకి మనిషి దక్కడు."

ఆపరేషన్ గది బయట బెంచీ మీద ఇస్త్రీ అక్క వాడి చొక్కా ఒళ్ళో పరుచుకుని కూర్చుంది. చొక్కా నున్నగా ఉంది. మత్తు వల్లో, మరి దేనివల్లో ఆమెకి తెలియదు. నా చేతులతో నేనే చేసుకున్నాను అని కుమిలిపోయింది. ముడత కోసం జీవితంలో మొదటిసారి దేవుణ్ణి వేడుకుంది.

లైట్లు వేసే వేళకి చొక్కా కుడివైపు సన్నటి గీత లేచింది. చూస్తుండగానే లోతుగా ముడత పడింది.

నర్సు తలుపు తీసి, "మెలకువ వచ్చిందండీ. నొప్పి, నొప్పి అంటున్నాడు" అంది.

"అననీ తల్లీ" అంటూ ఆమె భోరుమంది. ఆ ముడతని అరచేత్తో కూడా సవరించలేదు.