మూలా నక్షత్రం నాడు వచ్చిన మాట

నేను ఒక ఇంగ్లిషు–తెలుగు నిఘంటువును. బెజవాడలో అచ్చయి, ఒక హెడ్మాస్టరు గారి బల్ల మీద పదేళ్ళు గడిపి, ఆయన పోయాక పాత పుస్తకాల కొట్టు మీదుగా తెనాలిలో యజ్ఞనారాయణ గారింటికి చేరాను. ఆయన బట్టల కొట్టులో గుమాస్తా. ఇంగ్లిషు కూడబలుక్కుని చదువుతారు. మనుషులు నన్ను మొత్తం చదవరు. ఒక్క మాట కోసం వచ్చి, అర్థం దొరకగానే మూసేస్తారు.

ఆ ఏడు దసరాల్లో, మూలా నక్షత్రం నాడు, ఇంట్లోని పుస్తకాలతో పాటు నన్నూ సరస్వతీదేవి పటం ముందు పెట్టి కుంకుమ చల్లారు. విజయదశమి దాకా ఏ పుస్తకమూ తెరవకూడదని ఆ ఇంటి నియమం. ఆ సాయంత్రమే ఆయన భార్య హైమావతి గారి రొమ్ములో గడ్డకు చేసిన పరీక్ష కాగితం వచ్చింది. డాక్టరు గారు పండక్కి ఊరెళ్ళారు. కాగితం మీద కింద గీత గీసి ఉన్న మాట ఒక్కటే: మాలిగ్నెంట్.

"ఏం రాశారండీ?"

"ఇంగ్లిషులో ఉందే. పండగ వెళ్ళాక చూద్దాం. అమ్మవారి దగ్గర పెట్టిన పుస్తకం తియ్యకూడదు గదా."

"అంతేలెండి. మీ డిక్షనరీ ఎక్కడికీ పోదు."

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే ఆమె పూజలో కూర్చుంది. "చదువుల తల్లివి, చదివితే కోప్పడతావా?" అంటూ కుంకుమ చేత్తోనే నన్ను తెరిచింది. కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చుకుంది. 'ప్రాణాంతకమైన. ప్రయోగం: ప్రాణాంతకమైన కణితి.' దాని దిగువనే, పని ఎగ్గొట్టడానికి రోగం నటించడం అనే అర్థమున్న మాట. ఇన్నేళ్ళూ నాకు రెండూ ఒకే బరువు. ఆమె వేలు అక్కడ ఆగిపోయాక గానీ నేనేం మోస్తున్నానో తెలియలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, నన్ను సర్ది, వంటింట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఆమె నడుం వాల్చినప్పుడు ఆయన వచ్చారు. చెంపలు వేసుకుని నన్ను తెరిచారు. అర్థం చదివారు. ఆ పక్కనే కొత్త కుంకుమ వేలిముద్ర కనబడేసరికి ఆయన చేతుల్లోంచి నేను జారిపోయాను.

చప్పుడుకు ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు చూశావా, హైమా?"

"పొద్దున్నే చూశానండీ. మీ నవరాత్రుల పారాయణ ముగిసేదాకా చెప్పకూడదనుకున్నా. మీరెందుకు తీశారు?"

"ముందు నాకు తెలిస్తే, నీకెలా చెప్పాలో ఆలోచించుకోవచ్చని."

ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి కోసమే ఒకరు నన్ను తెరవడం అంతకుముందు నేనెరగను.

"నియమం తప్పామండీ."

"తప్పామో లేదో అమ్మవారే చెప్పాలి. మూడు రోజులు ఊరికే కూర్చోమని మాత్రం ఆవిడ అని ఉండదు. పద, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్దాం."

"మరి పారాయణ?"

"నోటికొచ్చినంత బస్సులో చదువుకుంటా."

ఇంకా ఏ మాటలు వినాల్సి వస్తుందోనని నన్నూ సంచిలో వేసుకున్నారు. దారి పొడుగునా ఆమె చీరల మడతల మధ్య పడుకుని ఆయన గొంతు విన్నాను. ఆ శ్లోకాల్లో నా దగ్గర అర్థం దొరికే మాట ఒక్కటీ లేదు.